గేటుకు కట్టిన లేసులు

జూలై 1, మంగళవారం

పుణె టీమ్ వాళ్లు ఫోన్ చేశారు. రెండేళ్ల కాంట్రాక్టు. ఫిజియో ఉన్నాడు, జిమ్ ఉంది, సొంత గ్రౌండ్ ఉంది, వాన పడితే నీళ్లు బయటికి పోయే ఏర్పాటు కూడా ఉందట. ఆ చివరి మాట వినగానే నాకు నిజంగా ఆశ పుట్టింది. పదిహేనో తారీఖులోపు ఏదో ఒకటి తేల్చమన్నారు.

నాకు ముప్పై ఒకటి. వాన వస్తుందని వాతావరణ శాఖ కంటే ముందే నా ఎడమ మోకాలు చెప్తుంది. రగ్బీ లీగ్‌లో ఈ వయసువాడికి ఇన్సూరెన్స్ వాళ్లు తప్ప ఎవరూ ఫోన్ చేయరు.

మాధురి ఎప్పుడు బయల్దేరదాం అంది. తన ఉద్యోగం లాప్‌టాప్ మీదే, ప్లగ్ ఎక్కడుంటే ఆఫీసు అక్కడే. ముందు భద్రయ్య సార్‌కి చెప్పాలి కదా అన్నాను. నీ పెళ్లి ఎవరితో జరిగిందో ఒకసారి ఫొటోలు చూసుకో అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎగతాళికి ఏం, చేస్తుంది. చెప్పాల్సింది నేను కదా.

జూలై 3

ఈ రోజు ప్రాక్టీస్‌లో సార్ మొహం చూడలేకపోయాను.

పేరుకు మాది ప్రొఫెషనల్ టీమ్. ఓనర్లు వచ్చి నాలుగేళ్లయింది, జెర్సీ మీదికి సిమెంటు బస్తా బొమ్మ వచ్చింది. మిగతాదంతా మా సికింద్రాబాద్ పాత లష్కర్ క్లబ్బే. అదే నేరేడ్‌మెట్ గ్రౌండ్, అదే బురద, అదే ఒక్క నల్లా. అదే భద్రయ్య సార్. పదిహేడేళ్లప్పుడు కాలేజీలో కబడ్డీ ఆడుతుంటే నన్ను చూసి, చెవి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశారు. ఈ ఆటలో నేను నేర్చుకున్నదంతా ఆయన తిట్లలోంచి ఏరుకున్నదే. రెఫరీ మా మీద పెనాల్టీ ఇస్తే చాలు, సార్ అరుపు నేరేడ్‌మెట్ చౌరస్తా దాకా వినిపిస్తుంది.

అసలు భయం సత్యదేవ్ వల్ల. పోయినేడు ముంబై టీమ్‌కి వెళ్లాడు. విమానం ఎక్కే ముందు సార్‌కి ఒక మెసేజ్ పెట్టాడు, అంతే. ఆ రోజు నుంచి క్లబ్బులో అతని పేరు లేదు. మాట్లాడక తప్పకపోతే 'పోయినోడు' అంటారు. డ్రెస్సింగ్ రూమ్‌లో అతని కొక్కేనికి ఇప్పటికీ ఎవరూ టవల్ కూడా తగిలించరు. నా కొక్కెం దాని పక్కదే.

బయటికి వస్తూ గేటు వంక చూశాను. మా క్లబ్బులో ఆట మానేసేవాడు ఆఖరి రోజు బూట్ల లేసులు విప్పి ఆ ఇనుప గేటుకు కడతాడు. అందరం చప్పట్లు కొడతాం, సార్ శాలువా కప్పుతారు, ఇంటికి పోతాడు. ఎండకు ఎండి వానకు తడిసి ఆ లేసులన్నీ ఒకే రంగుకు వచ్చేశాయి. అవన్నీ లష్కర్‌లోనే ఆడి లష్కర్‌లోనే మానేసినవాళ్లవి. వేరే టీమ్‌కి వెళ్లినవాడివి ఒక్కటీ లేవు. కట్టొద్దని ఎవరూ అనలేదు. కట్టొచ్చా అని ఎవరూ అడగనూ లేదు.

ఆ గేటు మీద మేం చెమట జెర్సీ కూడా ఆరేయం. తడిసిన లేసులు బండి హ్యాండిల్‌కి వేలాడదీసుకుంటాం. కొత్తగా వచ్చినవాడికి బంతి పట్టుకోవడం కంటే ముందు నేర్పేది ఇదే.

జూలై 5, శనివారం, పొద్దున 5.30

ఈ రోజు చెప్పేస్తాను.

జూలై 5, సాయంత్రం

చెప్పలేదు.

నోరు తెరిచేలోపు సారే నన్ను పక్కకు పిలిచారు. మోకాలు ఎలా ఉందని అడిగారు. తర్వాత మోండా మార్కెట్లో మా మామగారి స్టీలు సామాన్ల షాపు ఎలా నడుస్తోందని అడిగారు. ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ నా ఇంటి సంగతులు అడిగింది లేదు. నాకు ఇల్లుందని ఆయనకు తెలుసో లేదో అని కూడా అనుమానమే. బాగానే నడుస్తోందన్నాను. మంచిది, మంచిది అని రెండుసార్లు అని, నా వైపు చూడకుండా వెళ్లిపోయారు.

ఆయనకు పుణె సంగతి తెలిసిపోయింది. నేనే చెప్తానేమో అని చూస్తున్నారు.

మాధురికి చెప్తే, తెలిస్తే మంచిదేగా, సగం పని అయిపోయింది అంది. మిగిలిన సగం నాకే మిగిలిందని తనకు అర్థం కాదు.

జూలై 7

సరే, వెళ్లను. లష్కర్‌లోనే ఉంటాను. రేపు పుణె వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను.

మాధురి సరే అని లాప్‌టాప్ తెరుచుకుంది. అది తిట్టడం కంటే ఘోరం.

జూలై 8

కుండపోత. ప్రాక్టీస్ అంటే ప్రాక్టీసా అది, వరినాట్లు. బంతి చేపలా జారిపోతోంది. కాలేబు నా మీద పడితే ఇద్దరం పది గజాలు జారిపోయాం. కాలేబు మా ప్రాప్, ముందు వరసలో ఢీకొట్టేవాడు. మనిషి ఫ్రిజ్ అంత ఉంటాడు, మనసు మాత్రం ఐస్‌క్రీమ్. టాకిల్ అయి కింద పడ్డాక అతను బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు, నేను ఎత్తి అందిస్తాను. వెనక్కి చూసుకునే అవసరమే అతనికి ఎప్పుడూ రాలేదు.

పుణెకు ఫోన్ చేయలేదు. నల్లా దగ్గర నిలబడి బూట్లు కడుగుతున్నంతసేపూ అదే ఆలోచన. ఉంటే ఏమవుతుంది, పోతే ఏమవుతుంది. చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను. బూట్లు బాల్కనీలో పెట్టాను. లేసులు ఎక్కడ వేశానో గుర్తు లేదు. బ్యాగులో లేవు.

జూలై 9, బుధవారం, పొద్దున 7

అయిపోయింది. నా బుర్ర నిజంగా పనిచేయడం లేదు.

క్లబ్ వాట్సాప్ గ్రూపులో కాలేబు ఒక ఫొటో పెట్టాడు. క్లబ్ గేటు. దానికి నా లేసులు. నా ఆకుపచ్చ లేసులు. మోండా మార్కెట్లో కొన్నవి, టీమ్‌లో ఇంకెవరికీ లేవు. పక్కపక్కన, నీట్‌గా, రెండు ముళ్లేసి ఉన్నాయి. కింద కాలేబు ఏమీ రాయలేదు, దండం బొమ్మలు పెట్టాడు, లెక్కలేనన్ని.

కట్టింది నేనే. నల్లా పక్కనే గేటు. ఆలోచనలో ఉండి పిండి ఆరేశాను. రెండు ముళ్లెందుకు వేశానో ఆ దేవుడికే తెలియాలి. గాలికి పడిపోతాయని కాబోలు. పద్నాలుగేళ్లుగా కొత్తవాళ్లకు చేయకూడదని చెప్తున్న పని నేనే చేసి వచ్చాను.

హేమచంద్ర ఆట మానేశాడని క్లబ్బంతా అనుకుంటోంది.

పదింటికి

సార్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. గ్రూపులో మాత్రం ఆయన మెసేజ్ వచ్చింది: "సరే బిడ్డా."

అంతే. ఎందుకని అడగలేదు. ఇంకో సీజన్ ఆడొచ్చు కదా అనలేదు. ఒక్కమాట తిట్టలేదు. అప్పట్నుంచి ఆ రెండు మాటలే చదువుతున్నాను.

సాయంత్రం

పొరపాటున కట్టానని గ్రూపులో రాసేద్దామని మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశాను. రాసేలోపు ఎవరో ఒకరు ఫోన్ చేస్తున్నారు. ఫోన్ ఎత్తగానే ఏడుపు మొదలు. కాలేబు అయితే ముక్కు చీదుకోవడానికే ఫోన్ చేసినట్టు చేశాడు. అంత ఏడుపులోనూ ఒకటే అడిగాడు.

"అన్నా, గిప్పట్నుంచి వెనకకు చూస్కుంట ఆడాల్నా నేను?"

అతనికి పొరపాటు అని ఎలా చెప్పను? చెప్పి మళ్లీ వారంలో పుణె అని ఎలా చెప్పను? ఒకే మనిషిని రెండుసార్లు ఏడిపించడం నా వల్ల కాదు.

మాధురి అంతా విని, సోఫాలో పడి నవ్వింది. కళ్లు తుడుచుకుని, ఎలాగూ ఏదో ఒకటి చెప్పక తప్పదు కదా, సార్‌ని ఇంటికి పిలువు అంది. ఈ మనిషికి నవ్వుతూ నవ్వుతూ పనికొచ్చే మాట చెప్పే అలవాటు ఉంది.

జూలై 11

సోమవారం సన్మానం అట. శాలువా కొనడానికి టీమ్ వాళ్లు మోండా మార్కెట్‌కి వెళ్లి, చవగ్గా ఇప్పించమని మా మామగారి షాపులోనే ఆగారు. అల్లుడు రిటైర్ అవుతున్నాడని మామగారికి అలా తెలిసింది. ఇంక షాపు సంగతులు నేర్చుకోవడం మొదలుపెట్టమని సంతోషంగా ఫోన్ చేశారు.

గ్రూపులో అందరూ నా గురించి రాస్తున్నారు. నేను ఎవరికో బూట్లు ఇచ్చానట, ఎవరి నాన్న ఆసుపత్రిలో ఉంటే పక్కన కూర్చున్నానట. నాకు గుర్తు కూడా లేవు. బతికుండగానే సంతాప సభ చూస్తున్నాను. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. అందుకే సిగ్గుగా ఉంది.

సార్ ఇప్పటికీ ఫోన్ ఎత్తలేదు. రేపు సాయంత్రం టీకి రమ్మని మెసేజ్ పెట్టాను. "వస్తా" అని జవాబు.

జూలై 12, శనివారం, సాయంత్రం

సార్ వచ్చి వెళ్లారు. అంతా ఇప్పుడే రాయాలి.

మా ఇంటికి ఆయన రావడం ఇదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్వీట్ డబ్బాతో వచ్చారు. సోఫా అంచున కూర్చున్నారు, ఎవరైనా లేపుతారేమో అన్నట్టు. మాధురి టీ ఇచ్చి, అవతలి గదిలోకి వెళ్లి, తలుపు కొంచెం తెరిచే ఉంచింది.

నేను మొదటి వాక్యం బట్టీపట్టి ఉంచుకున్నాను. సార్, మీకు ఒక విషయం చెప్పాలి. అది అనేలోపే ఆయన కప్పు కింద పెట్టేశారు.

"నిన్ను తీసెయ్యమన్నరు హేమా. నెల సంది చెప్దామని వస్తున్న, నోరు లేస్తలేదు. నువ్వే లేసులు కట్టినవని జూసినంక, అబద్ధమెందుకు, నా పానం నిమ్మళమైంది."

ఓనర్లు పోయిన నెలలోనే చెప్పారట. ముప్పై దాటినవాళ్లు వద్దు, ఈ సీజన్ నుంచి హేమచంద్రకు కాంట్రాక్టు లేదు, ఆ సంగతి కోచే చెప్పాలి అని. ఆయన వాళ్లతో గొడవపడ్డారట. రాజీనామా చేస్తానన్నారట. చేయమన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, చౌరస్తా దాకా అరిచే మనిషి ఈయనేనా అనిపించింది. అందుకే మోకాలి గురించి అడిగారు. అందుకే షాపు గురించి అడిగారు. నాకు తిండికి లోటుండదని తెలిస్తే ధైర్యంగా చెప్పొచ్చని.

నాకు ముందు కోపం వచ్చింది. ఓనర్ల మీద కాదు, వాళ్లు నాకు ఎవరు. ఆయన మీదే. సోమవారం నాడు నేను పుణె వద్దనుకున్నాను. ఈయన కోసం వద్దనుకున్నాను. మంగళవారం ఆ ఫోన్ చేసి ఉంటే ఇవాళ నాకు ఏ టీమూ లేదు. అదే అడిగేశాను. పుణె నుంచి పిలుపు వచ్చింది సార్, మీకోసం వద్దందామనుకున్నాను, అనేసి ఉంటే నా గతేమిటి అని.

ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు.

తర్వాత ఆయన, వాళ్లు నిన్ను ఏ పొజిషన్‌లో ఆడిస్తామన్నారు అని అడిగారు. అదే ప్లేస్ అన్నాను. ఫిజియో ఉన్నాడా అన్నారు. ఉన్నాడన్నాను. గ్రౌండ్‌లో నీళ్లు నిలవవు కదా అన్నారు. నిలవవన్నాను. అప్పుడు నవ్వారు. ఇంకో కప్పు చాయ్ పోయమని లోపలికి వినపడేలా అడిగారు.

నవ్వు ఎలా మొదలైందో తెలియదు. ఆయన నెల రోజులు నాకు చెప్పలేక తిరిగారు, నేను వారం పైన ఆయనకు చెప్పలేక తిరిగాను. ఒకే గ్రౌండ్‌లో ఒకరి కంట ఒకరు పడకుండా. లేసులు ఎందుకు కట్టానో చెప్పాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొరపాటునా, థూ నీ, అని మొదలుపెట్టి, మాధురి వస్తోందని మిగతాది మింగేశారు.

వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ ఒక మాట అన్నారు.

"వాడు సుత గిట్ల ఇంటికి పిలిచి, ఇంత చాయ్ పోసి చెప్తే, నేను వద్దంటుంటినా?"

వాడంటే సత్యదేవ్. ఏడాది తర్వాత ఆయన నోట అతని ప్రస్తావన.

తలుపు వేశాక మాధురి, నేను ఒకరినొకరం చూసుకున్నాం. ఎన్నాళ్లుగా వీపు మీద మోస్తున్న బస్తా ఎవరో దింపినట్టుంది. ఆ బస్తా మీద సిమెంటు బొమ్మ ఉందని మాధురి అంది.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. డప్పుల మోత. అంత మోతలోనూ మధ్యాహ్నం దాకా పడి నిద్రపోయాను.

జూలై 14

సన్మానం జరగలేదు. అంటే జరిగింది, కానీ వేరేగా.

అందరినీ నిలబెట్టి సారే చెప్పారు. హేమ ఆట మానేయడం లేదు, పుణెకు వెళ్తున్నాడు, నాకు చెప్పి వెళ్తున్నాడు అని. ఆ చివరి మాట రెండోసారి గట్టిగా అన్నారు. ఓనర్లు తీసెయ్యమన్న సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వాళ్లు ఇంకా ఇక్కడే ఆడాలి.

కాలేబు మొహంలో ఏడవాలా వద్దా అన్న సందేహం స్పష్టంగా కనిపించింది. చివరికి కేకు సంగతేంటని అడిగాడు. కేకు మీద హ్యాపీ రిటైర్మెంట్ అని రాయించారు. కాలేబు వేలితో రిటైర్మెంట్ మొత్తం గీకి నోట్లో పెట్టుకుని, ఇప్పుడు సరిపోయిందన్నాడు. శాలువా కూడా కప్పేశారు. మామగారు ఇప్పించిన షాపువాడు తిరిగి తీసుకోడట.

తర్వాత లేసులు. ఆట మానలేదు కాబట్టి విప్పేయాలని నేనే గేటు దగ్గరికి వెళ్లాను. వారం రోజుల వానకు ముళ్లు బిగిసి రాయిలా అయ్యాయి. ఒకటి గోళ్లతో, పళ్లతో పీకితే ఎలాగో వచ్చింది. రెండోది రాలేదు. కాలేబు ప్రయత్నించాడు, రాలేదు. ఎవరో కత్తెర తెస్తానన్నారు.

సార్ చేయి అడ్డం పెట్టారు.

"వచ్చిన దాన్ని తీస్కపో. రానిదాన్ని ఇడిసిపెట్టు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటప్పుడు ఏం చేయాలో మా క్లబ్బులో ఎవరికీ తెలియదు, ఇంతకుముందు జరిగితే కదా.

బండి తీస్తుంటే సార్ వచ్చి, సత్యదేవ్ కొత్త నంబరు ఉందా అని అడిగారు. ఉందని పంపాను. నా దగ్గర ఎప్పుడూ ఉంది. ఎవరైనా అడగాలి కదా.

జూలై 15

పుణెకు సరే అన్నాను. ఫోన్‌లో అవతలి మనిషి, ఇంత ఆలస్యమైతే రారేమో అనుకున్నాం అన్నాడు. నేనూ అదే అనుకున్నానండీ అన్నాను.

ఆగస్టు 20, పుణె

వాన పడింది. నీళ్లు నిజంగానే పోయాయి. నేను గ్రౌండ్ మధ్యలో నిలబడి చూస్తుంటే ఇక్కడివాళ్లు వింతగా చూశారు.

కుడి బూటుకు పాత ఆకుపచ్చ లేసు, ఎడమ బూటుకు కొత్త తెల్లది. ఎందుకని అందరూ అడుగుతారు. ఒకటి ఇంట్లో మర్చిపోయానని చెప్తాను.

నవంబర్ 15, శనివారం, సికింద్రాబాద్

రేపు లష్కర్‌తో మ్యాచ్. వాళ్ల గ్రౌండ్‌లో. వాళ్ల అని రాయడానికి పెన్ను కొంచెం మొరాయించింది.

సాయంత్రం ఒక్కణ్నే గేటు దగ్గరికి వెళ్లాను. నా లేసు ఉంది. సగం రంగు పోయింది. దాని పక్కన ఇంకో లేసు, అదీ ఒంటిదే, కొత్తగా కట్టింది. వాచ్‌మన్‌ని అడిగితే, దసరా సెలవుల్లో ముంబై నుంచి ఒక సారు వచ్చి కట్టి వెళ్లాడన్నాడు. భద్రయ్య సార్ పక్కనే నిలబడి, సరిగ్గా కట్టలేదని తిట్టి మళ్లీ కట్టించారట.

అక్కడే నిలబడి కాసేపు నవ్వుకున్నాను. హాయిగా ఉంది.

నవంబర్ 16

డ్రా.

చివర్లో నన్ను పడేసింది కాలేబే. పడేసి, మీద నుంచి లేవడే. అన్నా, లేసు ఊడింది అన్నాడు. కుడి బూటుది. రెఫరీ విజిల్ ఊదుతూనే ఉన్నాడు. ఆ చేతివేళ్లతో అంత చిన్న ముడి వేయడానికి టైమ్ పడుతుంది. వేసి, అప్పుడు లేచాడు.

పడేసినవాణ్ని వదలలేదని లష్కర్ మీద పెనాల్టీ. దాంతోనే మేం స్కోరు సమం చేశాం.

సార్ అరవలేదు.